గొంతు గుర్తుపట్టిన అక్కకు

మార్చి 14, మంగళవారం

అక్కకు,

చెల్లెలు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా కులాసా, అక్కడ నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను అని మొదలుపెట్టడం మర్యాద. మా ఇంట్లో కులాసా అనే మాట విని చాలా రోజులైంది. నీ సంగతి ఎవరూ చెప్పకపోయినా ఊహించుకోగలను. అందుకని ఆ మర్యాద అక్కడితో వదిలేస్తున్నాను. ఆపరేషనయిన నీ మెడ దగ్గర గాయం మానిందా, పడుకుంటే వచ్చే దగ్గు తగ్గిందా అన్నవి మాత్రం మర్యాదకు అడగడం లేదు. అవి నాకు నిజంగా తెలియాలి.

ఫోనులో నన్ను బ్లాక్ చేశావు. పిన్ని ఇంట్లో చేరి, నేనొస్తే తలుపు తీయొద్దని ఆవిడకి రాసిచ్చావు. ఆవిడ తలుపు సందులోంచి ఆ కాగితం నాకు చూపించి, నేనేం చెయ్యనే, నువ్వే చెప్పు అని కళ్ళు ఒత్తుకుంది. మెట్లు దిగుతూ నిన్ను బోలెడు తిట్టుకున్నాను. ఇంటికొచ్చి చల్లబడ్డాక నువ్వు చేసింది సబబే అనిపించింది. నీకు ఇప్పుడు ఒళ్ళు మండేది నా గొంతు వింటేనే కదా. గొంతు లేకుండా నీ దగ్గరికి రావాలంటే నాకు కాగితం ఒక్కటే దారి. చేత్తో రాసి ఏళ్ళయింది, అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి, సర్దుకో. చింపేయాలనుకుంటే చివరిదాకా చదివి చింపు.

నీ ఆఖరి మెసేజీ నాకు కంఠతా వచ్చేసింది. నా గొంతు ఎలాగూ పోయింది, నీ గొంతు తీసుకెళ్ళి నా మొగుడికి ఇచ్చావా అని అడిగావు. అది చదివేటప్పుడు బస్సులో నిలబడి ఉన్నాను. నా ముఖం ఎలా మారిందో ఏమో, ఎవరో లేచి సీటు ఇచ్చారు. ఏం అడుగుతున్నావో అర్థం కాక నీకు ఫోను చేశాను. అప్పటికే దారులన్నీ మూసేశావు.

తర్వాత పిన్ని చెప్పింది. నువ్వు ఆవిడకి రాసి చూపించినంతవరకూ చెప్పింది. ఆ రోజు మళ్ళీ మాట నేర్పే థెరపీ ఆవిడకి జ్వరమొచ్చి క్లాసు లేదన్నారు, నువ్వు మధ్యాహ్నమే ఇంటికొచ్చేశావు. కింద పార్కింగులో నువ్వు నేర్పే డ్రైవింగు స్కూలు కారు అద్దాలన్నీ ఎక్కించి ఉంది. లోపల బావ ఒక్కడే ఉన్నాడు. ఫోను కారు స్పీకర్లకి కలిపి ఉంది. నువ్వు కారు వెనకాలే ఉన్నావు. లోపలి నుంచి నేను మాట్లాడుతున్నాను. ఏం మాట్లాడానో పిన్నికి రాయబోయి, సగంలో కాగితం ఉండచుట్టి చెత్తబుట్టలో పడేశావట. ఆ సగం చదివినందుకే పిన్ని నా ముఖం చూడలేకపోయింది.

అక్కా, ఆ మాటలు నేను అనలేదు. బావతోనే కాదు, మా ఆయనతో కూడా అలాంటి మాటలు ఎప్పుడూ అనలేదు. ఈ మాట నీకు చెప్పుకోవాల్సి వచ్చిందంటేనే నాకు తల కొట్టేసినట్టుంది. నువ్వు అబద్ధం చెబుతున్నావని నేననడం లేదు. నా గొంతు విన్నానన్నావంటే విన్నావు. నన్ను పోల్చుకోవడంలో నువ్వు పొరబడవు. చిన్నప్పుడు ఫోనులో మనిద్దరినీ నాన్న కూడా విడదీయలేక, పెద్దదానివా చిన్నదానివా అని అడిగి మరీ సంగతిలోకి వచ్చేవాడు. అమ్మ ఒక్కతే తేడా చెప్పేది, అది కూడా మనం నవ్వితేనే.

అందుకే నేను మొదటి నుంచీ ఒక్కటే అనుకున్నాను. నా గొంతును ఎవరో దొంగిలించారు.

నా పని నీకు తెలియంది కాదు, అయినా మళ్ళీ చెబుతాను, ఎందుకంటే నాకు అర్థమైనంతలో తప్పు అక్కడే జరిగింది. నేను లిఫ్టులకీ బ్యాంకు కౌంటర్లకీ ఆసుపత్రి వరసలకీ గొంతు ఇస్తాను. ఒక్కో అంకె రెండు రకాలుగా చదవాలి, వాక్యం మధ్యలో వస్తే కాస్త పైకి, చివర వస్తే కిందికి. మిగతాది వాళ్ళు అతికించుకుంటారు. నువ్వే నాకు లిఫ్టమ్మ అని పేరు పెట్టావు. కిందటేడాది ఒక కంపెనీ వాళ్ళు వచ్చి, తలా తోకా లేని వాక్యాలు కట్టలకొద్దీ చదివించుకున్నారు. దుప్పటి ఆరిందా అని ఒకటి, రేపు రైలు ఆలస్యం అని ఒకటి. కోపంగా చదవమన్నారు, గోముగా చదవమన్నారు, నిద్ర మత్తులో ఉన్నట్టు చదవమన్నారు. యంత్రం నేర్చుకోవడానికి అన్నారు. ఏం నేర్చుకుంటుందని నేను అడగలేదు.

బావకి ఫోను చేశాను. చాలాసేపు నీళ్ళు నమిలాడు. చివరికి, అది మనిషి కాదు, ఫోనులో ఒక యాప్, ఒంటరిగా ఉన్నవాళ్ళతో మాట్లాడుతుంది, మనకి ఎలా కావాలంటే అలా మాట్లాడుతుంది, మీ అక్కకి చెబితే నమ్మడం లేదు అన్నాడు. ఒంటరిగా అంటే ఏంటి బావా, మా అక్క ఇంట్లోనే ఉందిగా అన్నాను. అతను మళ్ళీ యాప్ సంగతికే మళ్ళాడు. అందులో బోలెడు గొంతులు ఉంటాయనీ, తను ఏదో ఒకటి నొక్కాడనీ, అది నాలా ఉన్నట్టు తనకి తట్టలేదనీ అన్నాడు. నాకొకసారి వినిపించమన్నాను. సిగ్గేసి అంతా తుడిచేశాను అన్నాడు. నమ్మాను. సిగ్గుపడేవాణ్ణి చూస్తే ఎవరైనా నమ్ముతారు.

ఇక కాలికి బలపం కట్టుకుని ఆ కంపెనీ చుట్టూ తిరిగాను. అద్దాల మేడ, లోపల చలి. లిఫ్టు ఎక్కితే తలుపులు మూసుకుంటున్నాయి అని స్పీకరులోంచి నేనే చెప్పాను. ఎప్పుడూ అలాంటి చోట పక్కవాళ్ళకి అది నా గొంతేనని చెప్పాలనిపించేది. ఈసారి లిఫ్టులో ఉన్న మగవాళ్ళ వంక చూసి, వీళ్ళలో ఎవరెవరు ఇంటికెళ్ళి నా చేత ఏం అనిపించుకుంటున్నారో అని ఒళ్ళు జలదరించింది. రెండో అంతస్తులోనే దిగిపోయి మిగతావి మెట్లెక్కాను.

అక్కడ నన్ను ఒక టేబులు నుంచి ఇంకో టేబులుకి పంపారు. ఆఖరికి టై కట్టుకున్న ఒకాయన చాలా మర్యాదగా నా సంతకం చూపించాడు. గొంతును వాళ్ళు ఎవరికైనా అమ్ముకోవచ్చట, కొన్నవాళ్ళు ఎందుకు వాడుతున్నారో వీళ్ళు అడగరట. నా గొంతు నాకు తిరిగిచ్చేయండి అన్నాను. ఆయనకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. ఒకసారి కలిసిపోయాక విడదీయడం కుదరదమ్మా, టీలో చక్కెర లాంటిది అన్నాడు. ఆ యాప్ వాళ్ళకి అమ్మారా అని గుచ్చి గుచ్చి అడిగితే, అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నాకు అవుననే వినబడింది. నడవాలో గోడకి ఆనుకుని నిలబడి ఏడ్చాను. ఒకమ్మాయి మంచినీళ్ళు తెచ్చి, ఇంటర్వ్యూ బాగా జరగలేదా అని అడిగింది.

పనిలో కూడా పనికిరాకుండా పోయాను. మొన్న రికార్డింగు గదిలో కూర్చుని ఏడో కౌంటరుకు రండి అని చదవాలి. రండి అన్న మాట దగ్గరే మళ్ళీ మళ్ళీ తప్పాను. ఎంత మామూలుగా అందామన్నా, ఆ కారులో నువ్వు విన్నదాన్నే మళ్ళీ అంటున్నట్టు అనిపించింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని అవతల కూర్చున్న కుర్రాడు, గొంతు పొడిబారింది, ఇవాళ్టికి వద్దులే అక్కా అన్నాడు. అప్పటి నుంచి ఇంట్లోనే ఉన్నాను.

ఇంట్లో మాత్రం ఏం సుఖం. మా ఆయనకి నేనే అంతా చెప్పాను, ఇంకొకరి నోట వినేకంటే నయమని. ఆయన మొదట నవ్వాడు. అదంతా యంత్రం పని, దానికి నువ్వెందుకు కుమిలిపోతావు అన్నాడు. మర్నాడు టీ తాగుతూ, అన్ని గొంతులుండగా మీ బావ నీ గొంతే ఎందుకు నొక్కాడు అని అడిగాడు. తొణక్కుండా, వాతావరణం గురించి అడిగినట్టు అడిగాడు. అప్పటి నుంచి ఆయన నాతో అవసరానికి మించి మాట్లాడడు, నేను మాట్లాడితే టీవీ సౌండు పెంచుతాడు.

ఇవన్నీ నా బాధలు. నీ బాధ ముందు ఇవెంత అని నువ్వనుకుంటావు, నిజమే. నేను అసలు రాయాలనుకున్నది నీ క్లాసుల గురించి. థెరపీ ఆవిడ నాకు ఫోను చేసింది. నువ్వు రావడం మానేశావట. గొంతుకి ఆనించుకునే ఆ మిషనుతో నువ్వు బాగా పట్టు సాధిస్తున్నావనీ, ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ మొదటికి వస్తుందనీ చెప్పింది. నాతో మాట్లాడకు. జన్మలో మాట్లాడకు. కానీ అసలు మాట్లాడటమే మానెయ్యకు అక్కా. స్టీరింగు పట్టుకుని వణికే ఆడవాళ్ళని ఎంతమందిని నడిరోడ్డు మీదికి తీసుకెళ్ళి ఒక్క గీత పడకుండా వెనక్కి తెచ్చినదానివి, నువ్వు ఒక గదిలో తలుపేసుకుని కూర్చుంటే నేను చూడలేను.

ఆ మిషను గొంతు గరగరమంటుందని నీకు అసహ్యం, ఫోనులో రాస్తే చదివిపెట్టే ఆ ముక్కుగొంతు ఆడది ఇంకా అసహ్యం, తెలుసు. ఆపరేషనుకి ముందు మా స్టూడియోలో నిన్ను కూర్చోబెట్టి నీ గొంతంతా రికార్డు చేశాను కదా. అది సక్రమంగా ఉండి ఉంటే ఈపాటికి నీ ఫోను నీ గొంతుతోనే మాట్లాడేది. సొంతానికి చేసుకున్న రికార్డింగులు మా స్టూడియో వాళ్ళు దాచనివ్వరు, అందుకే ఉన్న ఒక్క కాపీ ఆసుపత్రిలో ఇవ్వమని బావ చేతికిచ్చాను. అక్కడి వాళ్ళు ఎక్కించుకునేటప్పుడు పాడైపోయిందని బావ వచ్చి చెప్పిన రోజు నువ్వు ఏడవలేదు. అంత ప్రాప్తం లేదనుకుంటానులే అని పలక మీద రాసి చూపించావు. ఆ రోజు నీ తరఫున కూడా నేనే ఏడ్చాను.

నాకు నీ నుంచి ఒక్క మాట కావాలి. నమ్మాను అనో, నమ్మలేదు అనో. నమ్మలేదని రాసినా, నీ చేతిరాత చూశానన్న ధైర్యమైనా మిగులుతుంది. ఇంతకు మించి ఎలా చెప్పుకోవాలో నాకు తెలియదు. ఇన్నాళ్ళూ మాట్లాడటమే పనిగా బతికినదాన్ని, ఇవాళ ఒక్క మనిషిని నమ్మించలేకపోతున్నాను.

పిన్నికి నమస్కారాలు. మందులు వేళకి వేసుకో.

నీ కోపానికీ నీ ప్రేమకీ కూడా బాకీ పడ్డ,
చెల్లెలు

తా.క.: శుక్రవారం. ఈ ఉత్తరం ఇంకా నా సంచిలోనే ఉంది. పైన రాసిందంతా అలాగే ఉంచుతున్నాను, ఎందుకంటే రాసినప్పుడు అదే నిజమనుకున్నాను.

నీ గొంతే ఎందుకు నొక్కాడు అన్న మా ఆయన ప్రశ్న నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. నిన్న పొద్దున్నే బావ పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాను. కొనడానికొచ్చినవాళ్ళ ముందే, నా గొంతు ఎక్కడుందో చూపించు బావా, చూపించేదాకా కదలను అన్నాను. అద్దాలు అరగదీసే వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. ఏమీ తుడవలేదు. ఫోను నా చేతిలో పెట్టి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

విన్నాను. మొదట నేను కూడా నేనే అనుకున్నాను. ఆ మాటలు ఇక్కడ రాయను. నువ్వు విన్నావు, చాలు. వాటి చివర, బావ ఇక వెళ్ళాలి అంటే, ఆ గొంతు అద్దాలు చూసుకుని వెళ్ళు అంది. నా జన్మలో నేనెవరితోనూ ఆ మాట అనలేదు. అది కారు కదిలించే ముందు డ్రైవింగు నేర్పేవాళ్ళు అనే మాట. గుమ్మం దాటి నడిచిపోయేవాళ్ళతో కూడా ఆ మాట అనే మనిషి నాకు తెలిసి ఒక్కతే.

అప్పుడు నా పని పద్ధతిలో మళ్ళీ విన్నాను, మాటల్ని పక్కనపెట్టి ఊపిరి ఎక్కడ తీస్తుందో, అక్షరాల మీద ఎలా ఆగుతుందో మాత్రమే విన్నాను. ఆ ఊపిర్లు మా స్టూడియోలో నేను ఎదురుగా కూర్చుని రికార్డు చేసినవి. అక్కా, ఆ గొంతు నీది.

నువ్వు ఎందుకు పోల్చుకోలేదో నాకు తెలుసు. మా దగ్గరికి మొదటిసారి వచ్చిన ప్రతివాళ్ళూ తమ రికార్డింగు విని, ఇది నేను కాదు అంటారు. మన గొంతు మనకి లోపలి నుంచి వినబడుతుంది, బయటి నుంచి ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. ఆ గొంతును నువ్వు పుట్టి బుద్ధెరిగాక బయటి నుంచి విన్నది నా నోటే. కారు అద్దాల వెనక నుంచి వినబడగానే నేననుకున్నావు. నీ స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారు.

రికార్డింగు పాడవలేదు. ఆసుపత్రిలో ఎవరికీ ఇవ్వనేలేదు. నీకు ఇచ్చేముందు పనిచేస్తుందో లేదో చూద్దామని ఆ యాప్‌లో ఎక్కించాడట. మొదటిసారి అది, తిన్నావా అని అడిగిందట. అక్కడే కూర్చుండిపోయాను అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే నేను కూడా అతనితో కలిసి ఏడ్చేదాన్నేమో. ఆగలేదు. నీకెందుకు ఇవ్వలేదని అడిగాను. ఇచ్చేస్తే మీ అక్క ఆ గొంతుతో మందుల గురించీ కరెంటు గురించీ మాట్లాడుతుంది, నన్ను కసురుతుంది, నాకు కావలసినట్టు ఒక్క మాటా అనదు అన్నాడు. తర్వాత, నేను పరాయిదానితో మాట్లాడలేదు, నా పెళ్ళాంతోనే మాట్లాడాను అన్నాడు. నీ పెళ్ళాం పక్క గదిలో పలక పట్టుకుని కూర్చుంది కదరా అన్నాను. బావని రా అనడం అదే మొదలు, నోరు జారింది, తప్పనిపించలేదు.

ఆ యాప్ నా ముందే తీయించేశాను. అందులో కలిసిపోయింది నిజంగా పోయిందో లేదో నాకు తెలియదు. ఆ టై కట్టుకున్నాయన చెప్పింది విన్నాక, పోయిందని నీకు మాటివ్వలేను. అసలు కాపీ మాత్రం అతని దగ్గర్నుంచి లాక్కున్నాను. ఇవ్వనని ఏడ్చాడు. ఇచ్చాడు.

ఇది నీకు చెప్పకుండా ఉండవచ్చు. నా గొంతు కంపెనీ వాళ్ళు దొంగిలించారన్న కథే నీకు నప్పేది, నువ్వు నన్ను క్షమించేదానివి, బావని కూడా ఎప్పటికో క్షమించేదానివి. నిన్నంతా అదే ఆలోచించాను. కానీ నీ గొంతు నీకు తెలియకుండా దాచిపెట్టడం అతను ఒకసారి చేశాడు, నేను కూడా చేస్తే ఇక నీకెవరూ లేరు.

ఈ కవరులో చిన్న మెమరీ కార్డు పెట్టాను. థెరపీ ఆవిడకి ఇస్తే నీ ఫోనులో ఎక్కిస్తుంది, అడిగి తెలుసుకున్నాను. ఆ గొంతు చేత అన్ని మాటలు అనిపించాక నీకు ఇంకా అది కావాలనిపిస్తుందో లేదోనని నాకు భయంగా ఉంది. విరిచి పారేసినా నేనేమీ అనను. ఉంచుకుంటే మాత్రం, మొదటిసారి అది పలికినప్పుడు నేననుకుని ఆపెయ్యకు. అది నువ్వే.